సొంత జిల్లా గడిలో తెలంగాణ

జనగామ మీదికి మబ్బులు రావడం, వచ్చి కురవకుండా జఫర్‌గఢ్ వైపు వెళ్లిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అందుకే ఉద్యోగుల వివరాలన్నీ ఇక మీదట క్లౌడ్‌లో ఉంటాయని హెడ్డాఫీసు నుంచి వచ్చిన శిక్షకుడు చెబితే నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసు మేడ మీద నిలబడి చాలాసేపు ఆకాశం చూశాను. మా వాళ్ల ఫొటోలూ ఇంటిపేర్లూ పుట్టినతేదీలూ మోసుకుంటూ మబ్బులు మెల్లగా కదిలిపోతున్నట్టు అనిపించింది.

మాది సెల్ టవర్ల బాగోగులు చూసే ఒక చిన్న ప్రైవేటు కంపెనీ. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఆఫీసులుండేవి. ఈ మూడు ఊళ్లూ అప్పట్లో వరంగల్ జిల్లాలోవే. ఉద్యోగుల ఫైళ్లు చూసే పని నాది. ఇప్పుడా ఫైళ్లన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఒక్కో మనిషికి ఒక్కో ప్రొఫైల్ తయారు చేయాలి.

"గిట్ల నొక్కాల్నా?" అని నేను అడిగినప్పుడల్లా ఆ శిక్షకుడు ముసిముసిగా నవ్వేవాడు. "మీరు మాట్లాడుతుంటే సినిమా చూస్తున్నట్టుంది మేడం" అన్నాడొకసారి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మరి టికెట్ కొన్నవా?" అన్నాను. ఆ తర్వాత నవ్వడం మానేసి పని నేర్పాడు.

ప్రొఫైల్స్ నిండుతున్నకొద్దీ తమాషాలు బయటపడ్డాయి. మా వాళ్లలో సగం మందికి పుట్టినరోజు బళ్లో చేర్చుకున్న సార్ వేసిన తేదీయే. బడులు తెరిచే రోజుల్లో ఒక పొద్దున వాళ్లందరికీ సాఫ్ట్‌వేర్ ఒకేసారి శుభాకాంక్షలు పంపింది. టవర్ల మీద ఉన్నవాళ్లు ఫోన్లు తీసి చూసుకుని, ఇయ్యాల నాదా పుట్టినరోజు అని ఒకరినొకరు అడుగుతూ మిఠాయి పంచుకున్నారు.

రాష్ట్రం గడి దగ్గర మాత్రం తమాషా చాలించారు. అవి ఉద్యమం రోజులు. ప్రభుత్వం రాసేదాకా ఎవరూ ఆగడం లేదు. దుకాణాల బోర్డుల మీద, బండి నంబర్ల మీద జనమే తెలంగాణ అని రాసేసుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో రాష్ట్రం గడి నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులో ఆ పేరు లేదు. పక్కనే ఉన్న 'సొంత జిల్లా' గడిలో మాత్రం మన చేత్తో మనం టైపు చేయొచ్చు. ఎవరో ఒకరు వరంగల్ తీసేసి అక్కడ తెలంగాణ అని కొట్టారు. చూస్తుండగానే మూడు ఆఫీసుల వాళ్లూ అదే పని చేశారు. నేనూ చేశాను.

అలాంటి జిల్లా లేదంటూ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరి పక్కన ఎర్ర గుర్తు పెట్టింది. సరిచేయండని హెడ్డాఫీసు నుంచి మెయిళ్లొచ్చాయి. నేను చెవిన వేసుకోలేదు. తెర మీద ఆ ఎర్ర గుర్తులు కింది దాకా చూస్తుంటే, కళ్లంలో ఎండబోసిన మిరపకాయలు గుర్తొచ్చి కడుపు నిండేది.

ఆ ఎర్ర గుర్తు ఒక తల్లికి అడ్డం పడుతుందని నేననుకోలేదు.

ఆమె భూపాలపల్లి ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే అమ్మాయి. మహబూబాబాద్ దగ్గర తండా వాళ్ల కోడలు. ప్రసవం సెలవు అయిపోగానే పాలు తాగే పిల్లను అత్త దగ్గర వదిలేసి డ్యూటీలో చేరింది. ఆదివారం ఆదివారం బస్సులో వెళ్లి చూసుకొచ్చేది. ఇంతలో ఉద్యమం సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఆ చూపు కూడా లేకుండా పోయింది. ఒకనాడు ఫోన్లో ఏడ్చింది. "అక్కా, పాలు గడ్డలు కట్టి జరమొస్తున్నది. బాత్రూంల పిండి పారవోస్తున్న. నన్ను మానుకోటకు తోలియ్యరాదే" అంది. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

మానుకోట ఆఫీసులో ఖాళీ లేదు. ఎవరితోనైనా చోటు మార్చుకోవాలి. పనులు వేరైనా మా కంపెనీలో తలకు తల సరిపోతే చాలు. వెతికితే ఒక్కడు దొరికాడు. భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడి కొడుకు, మానుకోటలో టవర్ టెక్నీషియన్. సొంతూరికి పోవాలని అతనికీ ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నారు. తీరా చూస్తే, ఎర్ర గుర్తున్న ప్రొఫైల్‌కు సాఫ్ట్‌వేర్‌లో బదిలీ కదలదు. ఆమె ఆ మాట వినగానే తన గడిలో వరంగల్ అని దిద్దుకుంది. అతను దిద్దనన్నాడు.

"పానమన్న ఇడుస్త గని గా పేరు తియ్య" అన్నాడు ఫోన్లో.

"తమ్మీ, పసిపిల్లరా" అన్నాను.

"నువ్వు తీసినవా అక్కా?"

నాది కూడా ఎర్రగానే ఉంది. పోనీ నేనే దిద్దేద్దామంటే, మార్పు చేసినప్పుడల్లా ఆ మనిషి ఫోనుకు ఒక నంబరు వెళుతుంది. అతను ఆ నంబరు చెబితేనే మార్పు నిలుస్తుంది. ఈలోగా కొత్త మనుషుల్ని తీసుకుంటున్నారని, ఆ తర్వాత బదిలీలు ఆపేస్తారని తెలిసింది. అదే జరిగితే ఉద్యోగం మానేస్తానంది ఆమె. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చే మనిషి ఆమె ఒక్కతే. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. వెళ్లి ఎదురుగా అడుగుదాం పదమన్నాను.

ఆమె ఏదో వ్యాను పట్టుకుని వరంగల్ వచ్చింది. నేను జనగామ నుంచి వచ్చిన రైల్లోనే ఆమె ఎక్కింది. కేసముద్రం దాటాక రైలు చేల మధ్యలో ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం కూర్చున్నారన్నారు. కిటికీలోంచి చూస్తే, కంకర మీద బతుకమ్మలు పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతున్నారు. తంగేడు పూల పసుపు, వాళ్ల చప్పట్లు, ఎక్కడికీ పోని రైలు. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు కల్లోకి వస్తుంది. కలలో మబ్బులు ఇంకా కిందికి దిగి ఉంటాయి, ఎవరికీ తొందర ఉండదు. ఆమెకు మాత్రం ఆ రోజు తొందరే. రవికె తడిసిపోయి, కొంగు గుండెలకు అదుముకుని, మాటిమాటికీ తలుపు దాకా వెళ్లొచ్చేది. దిగి, పట్టాల పక్క బాటన నడిచి, దొరికిన ఆటో ఎక్కి మానుకోట చేరాం.

ఆ టెక్నీషియన్ డ్యూటీ దిగి ఉద్యమం దీక్ష టెంట్‌లో కూర్చున్నాడు. పక్కన నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. కోడలు ఫోన్ చేసి చెప్పడంతో అత్త పిల్లను ఎత్తుకుని మాకంటే ముందే వచ్చి, ఆ టెంట్ నీడనే నిలబడి ఉంది. ఆ తల్లి ఉరికి, చేతులు చాచి పిల్లను అందుకుంది. పిల్ల ఒక్క క్షణం ఆ ముఖం చూసింది. చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఎవరో కొత్త మనిషి ఎత్తుకున్నట్టు, ఒళ్లంతా వంచి నాయనమ్మ వైపు తిరిగిపోయింది.

ముసలామె తమ భాషలో ఏదో బుజ్జగిస్తూ, కోడలి గడ్డం పట్టుకుని పిల్లకు చూపించింది. "యాడీ... యాడీ" అంది. పిల్ల వినలేదు. ఆ తల్లి ఏడవలేదు. పిల్లను అత్తకిచ్చేసి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. అంత దుఃఖం నేను భరించలేకపోయాను. ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

అతను లేచి టెంట్ అంచుకు వచ్చాడు. "యాడి అంటే ఏందక్కా?" అని నన్నడిగాడు.

"అమ్మ" అన్నాను.

అతను పొయ్యిల వైపు చూశాడు. "లాప్‌టాప్ తెచ్చినవా?" అన్నాడు.

అక్కడే కుర్చీ మీద తెరిచాను. సిగ్నల్ బాగుంది, అతను చూసే టవరే కదా. ముందు నా గడిలో వరంగల్ అని కొట్టాను. తర్వాత అతనిది తెరిచి తెలంగాణ తీసేశాను. అతని ఫోను మోగింది. టెంట్‌లో వాళ్లకు వినబడకుండా, నా చెవి దగ్గరికి వంగి ఆ నంబరు చెప్పాడు. ఎర్ర గుర్తు పోయింది.

"రాష్ట్రమొస్తే మల్ల నువ్వే రాయాలె" అన్నాడు. రాస్తానని మాటిచ్చాను.

బదిలీలు అయ్యాయి. అతను భూపాలపల్లి వెళ్లాడు, ఆమె మానుకోట వచ్చింది. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకున్న చాలా రోజులకు గానీ ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదు. ఒక పొద్దున అలవాటుగా రాష్ట్రం గడి నొక్కితే జాబితాలో తెలంగాణ కనిపించింది. అందరికంటే ముందు అతనికి ఫోన్ చేశాను.

"తమ్మీ, మన పేరు వచ్చిందిరా. నీ గడిల పెట్టనా?"

అతను ఏ టవర్ మీద ఉన్నాడో, గాలి హోరు వినిపించింది. "అక్కా, గా పిల్ల ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగున్నది. అంగన్‌వాడీకి పోతున్నది."

"ఎవలు తోల్కపోతుండ్రు?"

"వాళ్లమ్మనే. దింపినంకనే ఆఫీసుకొస్తది."

"యాడీ అని పిలుస్తున్నదా?"

"పొద్దుగూకులు గదే పిలుపు. చెవులు పోతున్నయని వాళ్లమ్మ మొత్తుకుంటున్నది."

"గట్లయితే ఇగ పెట్టక్కా" అన్నాడు.