అంకెలు లేని సొనాటా

ఇటలీలోని బొలోన్యాలో ఎర్కోలే మజ్జంతి అంటే ఎవరికీ తెలియదు. "లత్తాంజియో గారి వెనకాల హార్ప్సికార్డ్ వాయించే వంకర విగ్గాయన" అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. లత్తాంజియో ముందు నిలబడి వయొలిన్ మీద విన్యాసాలు చేస్తుంటే, ఈయన వెనక పియానో లాంటి ఆ వాద్యం ముందు కూర్చుని మంద్రస్వరాలు మొయ్యాలి. చప్పట్లన్నీ ఆయనకి, మెడనొప్పి ఈయనకి.

చివరికి ఒళ్లు మండి ఎర్కోలే వయొలిన్ మీద వాయించడానికి తనే ఒక సొనాటా రాశాడు. దాని మీద తన పేరు మాత్రం పెట్టలేదు. పెడితే లత్తాంజియో దాన్ని ముట్టుకుంటాడా? వెనిస్ నుంచి లత్తాంజియోకి వచ్చిన సంగీతం కాగితాల కట్టలో దాన్ని దూర్చేశాడు. జనం మెచ్చుకున్నాక లేచి "అది నాదండీ" అనాలని ఆశ. ఆ ఒక్క మాట అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నాడో!

మార్కెసా జినెవ్రా అనే పెద్దింటి ఆవిడ హాల్లో లత్తాంజియో దాన్ని వాయించాడు. నెమ్మదిగా సాగే భాగం వచ్చేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఎవరిదండీ ఇది?" అని అడిగింది.

ఎర్కోలే గొంతు సవరించుకుని లేచేలోపే లత్తాంజియో తల వంచి, గుండె మీద చెయ్యేసుకుని, "నా నోటితో నేనెలా చెప్పుకోనమ్మా!" అన్నాడు. ఎంత సిగ్గులేని మనిషో చూడండి! సొనాటా ఆయనదైపోయింది.

ఆ పూట ఎర్కోలే మాంసం కూరి వండిన తొర్తెల్లీని గిన్నె ముట్టలేదు. "వాడి పొగరు తగలెయ్య!" అని గొణిగాడు.

"పేరు పెట్టకుండా బిడ్డని వీధిలో వదిలేసి, ఎవరో ఎత్తుకుపోయారని ఏడిస్తే ఎలాగయ్యా?" అంది భార్య ఓర్సొలా.

"ఆదివారం మళ్లీ వాయిస్తారట. నేను పోను. జ్వరమని చెప్పు."

పోనన్నవాడు ఇంట్లో ఉండగలిగాడా? దుప్పటి కప్పుకుని వెళ్లి, హాలు తలుపు దగ్గర నౌకర్ల మధ్య నక్కాడు. ఆయన స్థానంలో కూర్చున్న కొత్తాయన కాగితం చూసి తెల్లబోయాడు.

"లత్తాంజియో గారూ, మంద్రస్వరాల మీద అంకెలేవీ? ఏ స్వరానికి ఏవి కలిపి మీటాలో నాకెలా తెలుస్తుంది?"

నిజమే! తను రాసింది తనే వాయిస్తాడు కదా అని ఎర్కోలే ఒక్క అంకె కూడా వెయ్యలేదు.

"మీరే రాశారుగా, మీరే చెప్పండి," అన్నాడు కొత్తాయన.

లత్తాంజియో వయొలిన్ భుజానికెత్తుకున్నాడు. "మీకు తోచింది కొట్టండి."

కొట్టాడు. నెమ్మది భాగంలో వంటింట్లో గిన్నెలు దొర్లినంత మోత. మార్కెసా చెవులు మూసుకుంది. ఎర్కోలే ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు, లత్తాంజియో పరువు గంగలో కలిసేదే. మూసుకోలేకపోయాడు. అక్కడ పాడవుతున్నది తన సొనాటా మరి.

"ఒరేయ్, అక్కడ ఆరు! ఆ తర్వాత ఏడు! చంపేస్తున్నావురా దాన్ని!" అంటూ దుప్పటితోనే దూసుకెళ్లి, కొత్తాయన్ని పక్కకి నెట్టి కూర్చున్నాడు. కాగితం వైపు చూడకుండా మొదటినుంచీ వాయించాడు. లత్తాంజియో బుద్ధిగా వయొలిన్‌తో ఆయన వెంట నడిచాడు. అయ్యేసరికి అది ఎవరి సొనాటానో నౌకర్లకి కూడా తెలిసిపోయింది.

మార్కెసా సిరాబుడ్డి తెప్పించి ఆయన ముందు పెట్టింది. "మీ చేత్తోనే రాయండి," అంది. ఎర్కోలే వంగి చాలాసేపు రాశాడు. కాగితం ఆవిడ బీరువాలోకి వెళ్లిపోయింది.

ఓర్సొలా గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రాశావా?"

"రాశానే! ఇక ఎవడొచ్చినా దాన్ని చెడగొట్టలేడు. అంకెలన్నీ వేసేశాను."

"మరి పేరో?"

ఎర్కోలే నోరు తెరిచి కుర్చీలో కూలబడ్డాడు. ఓర్సొలా పడీపడీ నవ్వి, "రేపెళ్లి పెట్టిరా, మహానుభావా," అంది.

"పెడదాంలే. ముందు వడ్డించు. ఆ నెమ్మది భాగానికి వాళ్లంతా ఎలా ఏడ్చారో చెబుతాను, విను."

ఆ కాగితం మీద పేరు ఇవాళ్టికీ లేదు.