తోలుకపోవుడా, ఎత్తుకపోవుడా

పుష్పలత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతోంది. సైదాబాద్‌లో కిరాయి ఇల్లు, ఆదివారం చర్చి, మిగతా వారమంతా మూడో అంతస్తులోని ఆ ఇరుకు గది. ఒకరి గొడవలో తలదూర్చే మనిషి కాదు.

ఆ సాయంత్రం పాఠంలో 'అబ్డక్ట్' అనే క్రియ వచ్చింది.

"కిడ్నాప్ అన్నట్టే గదా మేడమ్?" అన్నారెవరో.

"దగ్గరదగ్గర అదే. మనిషిని ఇష్టం లేకుండ, బలవంతంగనో మోసం చేసో తీసుకపోవుడు. పైసల కోసం పట్టుకపోతే మామూలుగ కిడ్నాప్ అంటరు. అబ్డక్ట్ ఎక్కువ పేపర్లల్ల, పోలీసు రాతల్ల కనబడుతది."

క్లాసు అయిపోయినా మౌనిక కదలలేదు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కొత్తపేట హాస్టల్లో ఉంటున్న అమ్మాయి.

"మేడమ్, సొంత అన్న తీస్కపోతే గూడ గా మాట వాడొచ్చా?"

పుష్పలత డస్టర్ కింద పెట్టింది. "ఏమైంది?"

పెళ్లి వద్దన్నందుకు అన్న రాజు ఇదివరకోసారి ఆమెను ఎల్‌బీ నగర్ బస్టాపులో కారులోకి లాగి ఊరికి తీసుకెళ్లాడు. ఫోన్ లాక్కున్నారు. పరీక్ష ఉందని బతిమాలి ఎలాగో తిరిగొచ్చింది. ఇప్పుడతను మళ్లీ వచ్చి కింద నిలబడ్డాడు.

"ఇంట్లోళ్లు తోలుకొచ్చినం, మా పిల్లను మేం ఇంటికి తెచ్చుకున్నం అంటరు మేడమ్. నాకైతే గట్ల అనిపించలే."

"ఎవరు తీసుకపోయిన్రని గా మాట అడగదు. నువ్వు ఇష్టంతోని పోయినవా లేదా, గంతే."

ఇద్దరూ మెట్లు దిగారు. కారు తలుపు తీసే ఉంది. రాజు వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు.

"మా చెల్లెను మేం తోలుకపోతున్నం. నడుమ మీకేంది మేడమ్?"

"ఆమెను అడిగినవా?"

అతను చెల్లెలిని కారు వైపు గుంజాడు. పుష్పలత మౌనిక రెండో చెయ్యి వదల్లేదు.

"నేను రాను! నన్ను ఎత్తుకపోతున్నడు!" అని అరిచింది మౌనిక.

జ్యూస్ బండి దగ్గరివాళ్లు చుట్టూ మూగారు. ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు.

స్టేషన్లో ఎస్సై ముందు ఇంటి పంచాయితీ అన్నాడు. మౌనిక తాను మేజర్‌నని చెప్పి, రెండుసార్లు జరిగిందీ ఫిర్యాదుగా రాసింది. అబ్డక్ట్ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, రాసేసింది. రాజు ఇక ఆమె జోలికి రానని సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మౌనికకు ఇంటి నుంచి తల్లి లచ్చమ్మ ఒక్కతే ఫోన్ చేసేది. మౌనిక ఉప్పల్‌లో చిన్న ఉద్యోగంలో చేరింది. ఊరికి మాత్రం పోలేదు.

కోచింగ్ సెంటర్ యజమాని గంగాధరరావు పుష్పలతను పిలిచి, "మనకెందుకండీ ఈ తలనొప్పులు?" అన్నాడు.

"తలనొప్పే సార్," అని ఆమె తర్వాతి బ్యాచ్‌కి వెళ్లింది.