నేను పంచిన నల్ల నువ్వుల లడ్లు

కామాటిపురాలోని మా చాల్‌ల, అంటే వరుసగ ఒంటి గదులుండే బిల్డింగుల, మూడో అంతస్తు గ్యాలరీ మీద, నిక్షేపంగా బతికున్న మనిషికి నేను తిలోదకాలు ఇచ్చిన. పండుగ పూట, కొత్త చీర కట్టుకోని, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుకుంట మరీ ఇచ్చిన. వింటే మీకూ నవ్వొస్తది. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు చాల్‌ల మాత్రం ఎవ్వరూ నవ్వలే.

అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక కొరియర్ ఆఫీసుల పని. పని తక్కువ, ఫోన్ చూసుడు ఎక్కువ. ఏ పండుగ ఎట్ల పుట్టిందో చదువుడు, దొరికినోళ్లకల్లా చెప్పుడు, అదీ నా రోగం. భోగి మంట ఎందుకు, క్రిస్మస్‌కు చెట్టు ఎందుకు, అన్నీ చెప్పేదాన్ని. నన్ను చూస్తే ఆడోళ్లు నల్లా కాడి నుంచి సగం బిందెతోనే పరుగు తీసేటోళ్లు.

ఆ ఏడు చదివింది సంక్రాంతి కథ. సూర్యుడికీ కొడుకు శనికీ పడదు. అయినా ఏడాదికోసారి, మకరంలకు పోయేనాడు, తండ్రి కోపం పక్కనపెట్టి కొడుకింటికి పోతడు. ఇంట్ల ఇంకేం లేక శని నల్ల నువ్వులతోనే మర్యాద చేస్తడు. తండ్రి మనసు కరుగుతది. అందుకేనంట, ఇక్కడి మరాఠీ వాళ్లు సంక్రాంతికి నువ్వుల లడ్డు చేతిల పెట్టి "తీళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటరు. తీపి తిను, తియ్యగ మాట్లాడు అని.

చదవంగనే నాకు రాములు పెద్దనాయన, కిష్టయ్య చిన్నాయన యాదికొచ్చిన్రు. మాకు చుట్టాలు కారు, చాల్ వరుసలు. పాలమూరు నుంచి తాపీ పనికొచ్చిన అన్నదమ్ములు. వాళ్ల ఒంటిగది ఖోలీలకు నడుమ ఒకటే గోడ. తొమ్మిదేండ్లుగా మాటల్లేవు. ఒకరు తలుపు తీస్తే ఒకరు వేసుకునేటోళ్లు. నల్లా కాడి పంచాయితీ అని చాల్ అంతా అనుకునేది.

వీళ్లను నేను కలుపుత అనుకున్న. ఎవరు అడిగిన్రు నన్ను? ఎవ్వరూ అడగలే.

సంక్రాంతినాడు అమ్మ పనికి పోయినంక నాగ్‌పాడా బజారుకు పోయి నువ్వులు తెచ్చిన. కథల ఉన్నట్టే నల్లవి. పాకం ముదిరింది. లడ్లు చూస్తే రోడ్డుకేసే డాంబర్ ముద్దల్లెక్క ఉన్నయి. డబ్బా పట్టుకోని కిష్టయ్య చిన్నాయన తలుపు కొట్టిన.

"చిన్నాయనా, తీళ్‌గుళ్ తీస్కో. మీ అన్న పంపిండు."

అబద్ధమే. పుణ్యానికి ఆడే అబద్ధం అనుకున్న.

ఆయన లడ్డు తీసుకోని వెలుతురుకు పెట్టి చూసిండు. "నల్ల నువ్వులా?"

"అసలు నల్లయే పెట్టాలె చిన్నాయనా. ఏమైందంటే, సూర్యుడు శని ఇంటికి..."

"శని సంగతి తర్వాత. ఎవరు పంపిన్రన్నవ్?"

"పెద్దనాయన."

నల్ల నువ్వులు మన ఇండ్లల్ల ఎందుకు వాడుతరో మీకు తెలుసు. పోయినోళ్లకు నీళ్లతోని వదిలేటియి. ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకోరు. మా చాల్‌ల ఆరేండ్ల పిల్లకు సుత తెలుసు. నా ఫోన్‌ల మాత్రం రాయలే.

చిన్నాయన గ్యాలరీలకొచ్చి, ఆ లడ్డు అన్న తలుపుకేసి కొట్టిండు. తలుపు అదిరింది గని లడ్డు పగలలే.

"అమ్మకు నన్ను వదలనియ్యని నువ్వులు ఇయ్యాల నాకు పంపినవా?"

తలుపు తీసిన రాములు పెద్దనాయన బిత్తరపోయిండు. "నేనేం పంపలేరా. అమ్మకు అంటవేంది?"

"నాకోసం ఒక్క పూట ఆగినవా? నేను ఊళ్లె బస్సు దిగేటాళ్లకు అమ్మ బూడిదైంది."

పెద్దనాయన తలుపు రెక్క పట్టుకున్నడు. "నల్లా కాడి లొల్లికి మాట్లాడ్తలేవనుకున్నరా, ఇన్నేండ్లు."

"నల్లాకెవడు అలుగుతడు!"

"నువ్వు వర్లీల పరంజా మీదున్నవ్. ఫోన్ కలువలే. ఊరోళ్లు ఆగనియ్యలే."

"ఆగున్రి అని నువ్వన్నవా?"

పెద్దనాయన తలుపు రెక్క వదిలిండు. "అనలే."

రెండు తలుపులు మూసుకున్నయి. నడుమ నేను, కొత్త చీర, డబ్బా నిండ లడ్లు.

పొద్దుగూకేటప్పుడు అమ్మ వచ్చి, సంగతి విని, "నువ్వులు చేతికిచ్చినవే? నీకు పిచ్చి గిన లేసిందా?" అని తిడుతుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ఇద్దరూ ఉన్నరు, మూరెడు దూరంల.

"ఏమమ్మా, నీ బిడ్డను జర అదుపుల పెట్టుకో," అన్నడు రాములు పెద్దనాయన.

"అవు. ఎక్కువైంది," అన్నడు కిష్టయ్య చిన్నాయన, మా గోడ మీది క్యాలెండర్ చూసుకుంట.

అమ్మ వాళ్లను కూసోబెట్టి చాయ్ పెట్టింది. చిన్నాయన గ్లాసులకు చూసుకుంటనే అడిగిండు. "పోయేముందు అమ్మ ఆఖరికి ఏమన్నది?"

"చిన్నోడు అన్నం తిన్నడా అన్నది. రెండుసార్లు అడిగింది." పెద్దనాయన గ్లాసు కింద పెట్టిండు. "చెప్పుదామని నీ తలుపు దాకా మస్తుసార్లు వచ్చిన."

"కొట్టలే."

"కొట్టలే."

చాయ్ చల్లారింది. కౌగిలింతలు ఏమన్న ఉంటయని మీరు చూస్తున్నట్టున్నరు. లేవు. ఇద్దరూ లేచిన్రు. గడప దాటంగ చిన్నాయన నా దిక్కు తిరిగిండు.

"ఇంకోసారి పండుగ కథ చెప్పినవో, కాళ్లిరగ్గొడ్తం."

కొడ్త అనలే చూడున్రి. కొడ్తం అన్నడు. పక్కన పెద్దనాయన తల ఊపిండు.

అప్పటిసంది మా అమ్మ మీద ఒట్టు, మా ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, రెండు కాళ్ల మీద ఒట్టు. ఏ పండుగ ఎట్ల పుట్టిందో ఈ నోటితోని చెప్పను. ఎవరన్న అడిగితే ఒకటే మాట. "నాకు తెల్వదు. ముందు మీ అమ్మను అడుగు."