చీపురు చెంగమ్మ కొడుకు

ఆ మూట విప్పొద్దండప్పా! చేతులు తీయండి! అండ్లో ఓళిగలుండాయని నాకూ తెలుసు. అయినా అది నాది కాదు. నిన్న ఆళ్లగడ్డలో మా అమ్మ దాన్ని ఎవరికని ఇచ్చిందో వింటే మీకు గొంతు దిగదు. టీ తాగతా వినండి.

నేను వారపత్రికకు బొమ్మల కథ గీస్తాండా గదా, 'చీపురు చెంగమ్మ'. మీరంతా నంద్యాల స్టేషన్లో కొనుక్కొని పడీపడీ నవ్వినోళ్లే. ఆ చెంగమ్మ మా అమ్మే! చెంప మీద పులిపిరి, పక్కకు జారిన కొప్పు, చేతిలో చీపురు. కాళ్లు కడక్కుండా వంటింట్లోకొస్తే ఒక దెబ్బ, అన్నం పారేస్తే రెండు. అన్నీ నేను తిన్నవే, కల్పించింది ఏమీ లే. అమ్మకు చదువు రాదు, ఇంగ తెలిసేదెట్ల అనుకున్యా. ఎంత తెలివో చూడండి! చదువు రానోళ్లకు బొమ్మలు గూడా కనపడవనుకున్యా.

శెట్టి అమ్మకు కందిపప్పు పొట్లం కట్టిచ్చినాడంట ఆ పత్రిక కాగితంలో. పప్పు డబ్బాలో పోసి చూస్తే, తనే! పులిపిరితో సహా. పక్కింటామెకు చూపిస్తే, ఆమె చదివేది పోయి నవ్వుడు మొదలుపెట్టిందంట.

"బజారంతా నిన్ను చెంగమ్మనే అంటారు గదక్కా, నీకు తెలీదా?"

ఇదంతా నిన్న నేను పోంగానే మా చెల్లెలు వాకిట్లోనే చెప్పింది. భయపడుతా లోపలికి పోయినా.

"రాండి సారూ, కూచోండి" అనింది అమ్మ.

"సారేందమ్మా?"

చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందర పెట్టింది. తిడితే గానీ ఆమె కోపం పోదని, చెప్పులతోనే వంటింట్లోకి పోయినా. తిట్టలే! గుడ్డ తెచ్చి నా వెనకాలే తుడుచుకుంటా వచ్చింది. తట్టలో అన్నం సగం వదిలేసినా. "చాలా సార్?" అని ఎత్తుకపోయింది. ముప్పై ఏండ్లోన్ని, దెబ్బల కోసం వీపు చూపెట్టుకుంటా ఇల్లంతా తిరిగినానప్పా! కడాకు చీపురు గూడా తెచ్చి ఆమె చేతికిచ్చినా. దాన్ని మూలన పెట్టేసింది.

"కొట్టింది గీసినారు. కొట్టినంక వీపుకు ఆముదం పూసింది గీయలేదేం సార్?"

ఆముదం పూస్తే ఎవరు నవ్వుతారు! ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగినా. సిగ్గుతో చచ్చినా.

సాయంత్రం ఈ మూట ఎత్తుకొని బస్సు దాకా వచ్చింది. కండక్టరు దాన్ని సీటు కిందికి కాలితో తోసినాడు. అంతే!

"ఏందిరా, కాలు పెడతాండావు! అది నా కొడుకు తినేది! కాలిరగ్గొడతా నా బట్టా!"

బస్సులో జనమంతా తిరిగి చూసినారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మే, పాత అమ్మే! కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"యాడమ్మా నీ కొడుకు?" అన్యాడు వాడు బెదిరిపోయి.

అమ్మ నా పక్క చూసింది.

"నంద్యాలలో ఉండాడు. ఈయన పత్రిక సారు. ఈయనతో పంపిస్తాండా."

మూట నా ఒళ్లో పెట్టి, "వాడు కనపడితే ఇయ్యండి సార్" అని దిగిపోయింది.

నిన్నటి నుంచి వెతుకుతాండానప్పా. ఆ కొడుకు యాడుండాడో మీకేమన్నా తెలిస్తే చెప్పండి. ఓళిగలు పాచిపోతాండాయి.