ఎవరిస్తో గారి కిటికీ కొలతలు

చిత్రకారుడు ఎవరిస్తో కియాలా గారు ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీ కొలిచేవారు. పలకరింపు ఆ తర్వాతే. పెళ్ళింట్లో అయినా, చావింట్లో అయినా జేబులోంచి టేపు బయటికి రావలసిందే.

క్యూబా తీరంలోని ఆ హిబారా ఊరి జనానికి అది అలవాటే. హోల్గీన్ పట్నం నుంచి వచ్చి ఊరి గ్యాలరీలో చట్రాలు కట్టే పనిలో చేరిన నెరెయిదాకే వింత. ఆమె గదికీ వచ్చి, "డెబ్భై మూడు, నూట పన్నెండు" అని అరచేతి మీద రాసుకుని, కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయారు.

"ఈయనేనా అంత పెద్ద చిత్రకారుడు?" అంది నెరెయిదా.

"ఆయనేలే. కాస్త కొలతల పిచ్చి," అంది పక్కింటి కసీల్దమ్మ.

ఆయన గుడ్డ మీద వేయరు, ప్లైవుడ్ మీదే. ఏ రెండు బొమ్మలూ ఒక కొలతలో ఉండవు. హవానా పండితులు దాన్ని 'తిరుగుబాటు' అని రాశారు. "నేనెవరి మీద తిరగబడ్డాను?" అని ఆయన వారం రోజులు బెంగపడ్డారు.

ఆయన ఎనభయ్యో ఏట గ్యాలరీవాళ్ళు పెద్ద ప్రదర్శన తలపెట్టారు. ఊళ్ళోవాళ్ళు ఆయన తమకు వేసిచ్చిన నలభై బొమ్మలు తెచ్చి ఇచ్చారు. ప్రతి చెక్కకూ నాలుగు మూలలా చిల్లులే. నెరెయిదా రెండు వారాలు కూర్చుని అన్నిటినీ లప్పంతో పూడ్చి, ఆనవాలు లేకుండా రంగు కలిపింది.

ప్రారంభం శనివారం. గురువారం పొద్దున రేడియో తుపాను కబురు చెప్పింది. కాసేపటికే ఆయన తోపుడుబండితో గ్యాలరీకి దిగారు.

"బొమ్మలు దింపు."

"మాస్టారూ, హవానా నుంచి జనం వస్తున్నారు! ఒక్కటి తడిసినా నా ఉద్యోగం ఊడుతుంది!"

"తుపాను వాళ్ళకంటే ముందొస్తోంది." ఆయన ఒక చెక్క తిప్పి చూసి తెల్లబోయారు. "నా చిల్లులేవే?"

"పూడ్చేశానండీ. కనబడకుండా."

ఆయన మూల తడిమి చూశారు. "పని బ్రహ్మాండంగా ఉంది. కొంప ముంచావు."

కసీల్దమ్మ కిటికీలో ఆ చెక్క అతికినట్టు కూర్చున్నాక గానీ నెరెయిదాకు వెలగలేదు. బొమ్మలో ఎదుటి గోడ, చర్చి గడియారం. ఆ కిటికీలోంచి రోజూ కనబడేవే.

"తుపానుకు కిటికీలు మూసుకోవడానికి ప్లైవుడ్ వీళ్ళకెవరిస్తారే? చిత్రకారులకైతే సర్కారు ఇస్తుంది," అన్నారాయన. "బొమ్మ లోపలివైపు పెట్టు. రెండు రోజులు ముసలమ్మ చీకటిగోడ చూస్తూ కూర్చోవాలా?"

నెరెయిదా డ్రిల్లు తీసుకుని తను పూడ్చిన చిల్లులన్నీ తనే తెరిచింది. నలభయ్యో కిటికీ మూసేసరికి గాలి రేగింది. అప్పుడు గుర్తొచ్చింది, తన కిటికీ ఖాళీ! డ్రిల్లుతోనే గదికి పరిగెత్తింది.

గుమ్మానికి ఒక చెక్క ఆనించి ఉంది. డెబ్భై మూడు, నూట పన్నెండు. రంగు ఇంకా ఆరలేదు. అందులో పక్కింటి నీలం నీళ్ళ ట్యాంకు, తాడు మీద కసీల్దమ్మ పూలపూల లోదుస్తులు. మూలల్లో నాలుగు చిల్లులు. వెనక పెన్సిలుతో రాసి ఉంది:

'వీటి జోలికి వెళ్ళకు.'