అవ్వ తలాపున ఇసుర్రాయి

మొన్న బుధవారం పొద్దున చందాపురలో మా మిద్దె మీద మునగాకు దూస్తూ ఉంటే చిన్నాయన ఫోన్ చేశాడు. వర్తూరులోని మా పాత శ్మశానానికి గోడ కట్టి, లోపల దారులు వేస్తున్నారట. ఎవరి పెద్దల సమాధికి వాళ్లు ఆదివారం లోపల పేరు రాయించుకోవాలి. పేరు లేనివన్నీ మర్నాడు చదును చేసేస్తారు. "మనకేం బయం లేదప్పా, అవ్వ రాయి నాకు తెలీదా? పెయింటర్ని పిల్చుకొని పోతే సాలు," అన్నాడు. ఇరవై ఏళ్లుగా పెద్దల అమావాస్యకు ఆ రాయి ముందు ఇస్తరి పరిచి, రాగి ముద్ద, నాటుకోడి పులుసు, అవ్వకు ప్రాణమైన నశ్యం డబ్బీ పెట్టి వస్తున్నది మేమిద్దరమే. నాకూ అనుమానం రాలేదు. మాట వరసకు అత్తతో చెప్తే, నేనూ వస్తానని పట్టుబట్టింది.

అత్త అంటే నాన్నకు అక్క. ఎనభై దాటాయి, ఇప్పటికీ కారులో ముందు సీటు తప్ప ఎక్కదు. మా వాళ్లలో పూడ్చే రోజు ఆడవాళ్లు శ్మశానానికి రారు, మూడో నాడు పాలు పోయడానికి మాత్రం వస్తారు. అవ్వకు పాలు పోసింది అత్తే. ఆ తర్వాత ఆమె అక్కడ అడుగు పెట్టలేదు. పెళ్లయిన ఆడపిల్ల అత్తగారింటి పెద్దలకు పెట్టుకోవాలి గానీ పుట్టింటి వాళ్లకు కాదు గదా. నాన్న ఉన్నన్నాళ్లు ఆ పని ఆయన ఒక్కడే పోయి చూసుకున్నాడు. ఆయన పోయాక చిన్నాయన చేతికొచ్చింది. అవ్వను పూడ్చిన నాడు చిన్నాయన లారీ తోలుకుంటూ ఏ ఊళ్లో ఉన్నాడో ఆయనకే తెలియదు. నేనేమో ఇంట్లో చక్కిలాలు తినే వయసులో ఉన్నాను.

ఆదివారం పొద్దున ముగ్గురం పోయాం, వెనక బండి మీద పెయింటరు. చిన్నాయన నేరుగా నడిచి, నిలువెత్తు బండ ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. అత్త ఆ బండను కింది నుంచి పైదాకా చూసింది.

"ఇది మాయమ్మది కాదురా. మాయమ్మ తలాపున నేను ఇసుర్రాయి పెట్టినాను. ఇది బావికాడామెది!"

బావికాడామె అంటే మా పక్క చేను ఆమె. బావి నీళ్ల వంతు దగ్గర మాట మాట పెరిగి, అవ్వా ఆమే చచ్చేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. శ్మశానం మాత్రం వాళ్ల పంతాన్ని పట్టించుకోలేదు. ఆమె ముందు పోయింది, అవ్వ వెంటనే పోయింది, పక్కపక్కనే చోటిచ్చారు. అంటే ఇరవై ఏళ్లు మా నాటుకోళ్లన్నీ అవ్వ కళ్లెదుటే ఆమె తినేసిందన్నమాట. నవ్వొచ్చింది. అంతలోనే అవ్వ అన్నేళ్లు పస్తు ఉందని తట్టి ఆ నవ్వు ఆగిపోయింది.

ఇసుర్రాయి సంగతి నాకూ కొత్తే. అవ్వ పోగానే దాని కోసం మా అమ్మా పిన్నమ్మా తగువు పడితే, మూడో నాడు అత్త పై రాయిని మోయించుకొచ్చి ఇక్కడ పెట్టేసిందట. అమ్మ జన్మంతా రాగుల మిల్లును ఎందుకు తిట్టిందో అప్పుడు అర్థమైంది. అత్త చూపించినట్టు బండకు ఎడమ పక్కన కంపంతా కొట్టేశాం. గడ్డపారతో అక్కడక్కడ పొడిచి చూశాం. మట్టి తప్ప ఏమీ లేదు. చిన్నాయన ఓడిపోయినవాడిలా కూలబడ్డాడు. అత్త చెప్పులు విడిచి, అరికాళ్లతో నేలను తడుముతూ నడిచి, ఒకచోట ఆగింది. అక్కడ తవ్వితే జానెడు లోతున గుండ్రటి రాయి తేలింది. ఆమె వంగి, గింజలు పోసే బెజ్జంలో నుంచి వేలితో మట్టి తీస్తూ, "అమ్మా, ఈడ్నే ఉండావా," అని చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పెయింటరు అవ్వ పేరు రాయడం ముగించి, పక్క బండ చూపించాడు. "ఈ రాయి ఎవర్దన్నా? పేరు లేకుంటే రేపు తీసేస్తారు."

వాళ్ల పిల్లలు చేను అమ్ముకొని ఎప్పుడో వెళ్లిపోయారు. చిన్నాయన నా వైపు చూశాడు, నేను అత్త వైపు చూశాను.

"ఇరవై ఏండ్లు మన కూడు తినింది. ఇప్పుడు ఇస్తరి ముందర్నించి లేపితే బాగుంటాదా? రాసెయ్యప్పా," అని అత్త పెయింటరుకు ఒక పేరు చెప్పింది. మా ఇంట్లో ఎవరి నోటా నేనెన్నడూ వినని పేరు అది. కాలం ఎంత దూరం వచ్చేసిందంటే, ఆ ముసలమ్మ పేరు తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే మిగిలింది, ఆమె మా అవ్వ కూతురు.