డాంగిల్ ఎత్తి పట్టుకున్న నర్సమ్మ

మా నర్సమ్మ పోయిందని నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆవిడా అంతే. పళ్లెం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడే అన్నం తినేది. "కూసున్నమా, ఎవరో ఒకరు పిలుస్తరు. మళ్ల లేవాలె," అనేది.

ములకలపల్లి దాటాక అడవిలోకి పోయే దారిలో ఉంది మేమిద్దరం పనిచేసిన ఊరు. నేను బడిలో టీచర్ని. ఆవిడ ఆ ఊరికి ప్రభుత్వ నర్సు, నా పక్క గదిలో కిరాయికి ఉండేది. అప్పటికి మా అందరివీ బటన్ ఫోన్లే.

ఒక వానాకాలం మధ్యాహ్నం గూడెం నుంచి ఒక తల్లి పసిబిడ్డను ఎత్తుకొచ్చింది. బిడ్డకు ఊపిరి ఆడటం లేదు. చూస్తే ఆస్పత్రికి పోయే దారిలో వాగు పొంగి ఉంది. నర్సమ్మ ఫోన్ చేస్తే, బిడ్డను చూడందే ఏమీ చెప్పలేనన్నాడు భద్రాచలం డాక్టరు. ఆ నీళ్లలో దాటించడమా, ఇక్కడే మందిచ్చి ఆగడమా? ఆవిడకు పాలుపోలేదు.

"టీచరమ్మా, నీ లాప్‌టాప్‌ల డాక్టర్‌కు బిడ్డను చూపియ్యొచ్చా?"

నా పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ ఉండేది. ఇంటర్నెట్ కోసం కొత్తగా కొన్న డాంగిల్ దానికి ఒక్కరోజూ పనిచేయలేదు. గుచ్చాను. ఎప్పట్లాగే, నెట్ కలిపే మోడెం అని గుర్తించే బదులు దాన్ని సీడీ అనుకుని తెరమీద సీడీ బొమ్మ చూపించింది. తీసి మళ్లీ పెట్టాను. అదే బొమ్మ.

నర్సమ్మ బిడ్డ దగ్గరికి, నా దగ్గరికి తిరుగుతూనే ఉంది. "ఏందమ్మా, అయితదా కాదా?"

ఇక ఆ సీడీ బొమ్మ మీదే ఎజెక్ట్ నొక్కాను. డాంగిల్ లైటు రంగు మారింది. సీడీ బొమ్మ పోయి, మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అని కొత్తగా కనిపించింది. దేశం, సిమ్ కంపెనీ ఎంచి కనెక్ట్ చేశాను. సిగ్నల్ వచ్చినట్టే వచ్చి పోతోంది. నర్సమ్మ డాంగిల్‌ను పొడుగు వైరుకు తగిలించి, వానలో అరుగెక్కి, కొంగు చాటున దాన్ని పైకెత్తి పట్టుకుంది.

ఆస్పత్రి కంప్యూటర్‌కు వీడియో కాల్ కలిపితే, డాక్టరు ముఖం ముక్కలు ముక్కలుగా వచ్చింది. తల్లి బిడ్డ చొక్కా పైకి లేపింది.

"డొక్కలు లోపలికి పోతున్నయ్. మందు ఒక డోసు ఇచ్చి జల్దీ తీసుకురండి. ఆగొద్దు," అన్నాడు డాక్టరు.

ఊరి మగవాళ్లు వాగుకు అడ్డంగా తాడు కట్టారు. ఆ బిడ్డ బతికింది. ఇప్పుడు ఖమ్మంలో ఇంటర్ చదువుతోంది.

నాకు మాత్రం ఆ వాగే కళ్లముందు కదులుతోంది. నడుం లోతు ఎర్రనీళ్లలో, బిడ్డను భుజాన వేసుకుని, ముందు నడుస్తూ ఆవిడ వెనక్కి తిరిగి అరుస్తోంది: "నిలవడ్డరేంది? నడువుండ్రి!"